పండుగ కొలువులో పొగబండి

ధనుర్మాసము ప్రవేశించినది మొదలు మన యిండ్లలో అటకమీది బొమ్మల పెట్టెలు ఒక్కొక్కటిగా క్రిందికి దిగును. కోస్తా జిల్లాలనుండి వచ్చి హైదరాబాదున స్థిరపడిన కుటుంబములలో పెక్కుమంది సంక్రాంతికి బొమ్మలకొలువు తీర్చుదురు. దసరాకు తీర్చువారును గలరు. మూడో, అయిదో, ఏడో, బేసి సంఖ్యలో మెట్లు. వానిపై తెల్లని వస్త్రము. పైమెట్టున దేవతలు, దిగువకు వచ్చినకొలది రాజులు, ఏనుగులు, శెట్టిగారు, ఆయన యిల్లాలు. అన్నింటికంటె క్రింద, నేలమీద, పిల్లలకు వదలిపెట్టిన భాగ మొకటి యుండును. అచట చెరువు, తోట, సంత. ఈ యేడు ఆ భాగమునందు రైలుబండిని నడపవలెనని మా యింట నిశ్చయించుకొంటిమి. అమీరుపేటలోని మూడవ అంతస్తు ఫ్లాటున, పేరంటమునకు వచ్చువారి కాళ్ల కడ్డము రాకుండ, పాతకాలపు పట్టాలతో రైలుమార్గమును వేయుట యెట్లు? ఈ ప్రసంగమున మేము చెప్పబోవునది అదియే.

పండుగకును ఆటరైలుకును గల చుట్టరికము క్రొత్తది కాదు. అమెరికాలో జాషువా లయనెల్ కొవెన్ అను నతడు 1900 ప్రాంతమున దుకాణపు అద్దాల కిటికీలో ప్రదర్శించుటకై విద్యుత్తుతో కదలు బండి నొకదానిని తయారుచేసెననియు, వచ్చినవారు సరకును విడిచి ఆ బండినే బేరమాడిరనియు చెప్పుదురు. నాటినుండి ఆ దేశమున క్రిస్మసు చెట్టు చుట్టు రైలు తిరుగుట ఆచారమైనది. మన దేశమున గ్వాలియరు మహారాజుగారి భోజనపు బల్లమీద అతిథులకు చుట్టలు, పానీయములు మోసికొనిపోవు వెండి రైలు ప్రసిద్ధమే. పుణెలో 1998లో తెరచిన జోషీగారి ప్రదర్శనశాలయందు ఒక పట్టణమంతయు రైళ్లతో కదలుచుండును. ఇవి యన్నియు గొప్పవారి సంగతులు. మా కున్నది నాలుగడుగుల స్థలము.

పట్టాల సంగతి ముందుగా చెప్పవలెను. ఇవి హార్న్‌బీ డబ్లో జాతివి. ఇంగ్లండులోని లివర్‌పూలున మెకానో కంపెనీ వారు 1920 నుండి పెద్దకొలత హార్న్‌బీ రైళ్లను చేయుచుండిరి. 1938లో, చిన్న యిండ్లకు సరిపడునట్లు, పట్టాల నడుమ 16.5 మిల్లీమీటర్ల ఎడముతో ఈ చిన్నకొలతను వెలువరించిరి. మూడు పట్టాల పద్ధతి. మధ్యపట్టానుండి విద్యుత్తు ఇంజనులోనికి పోయి, చక్రముల గుండ ప్రక్కపట్టాలకు తిరిగి వచ్చును. 1959లో వారే రెండు పట్టాల పద్ధతికి మారిరి. 1964లో ఆ సంస్థ మరియొకరి చేతికి పోయెను. కనుక మూడు పట్టాల ముక్క నేడు విరిగినచో బజారున దొరకదు. పాతవస్తువుల నమ్ముకొనువారి యొద్ద వెదకికొనవలసినదే.

మా నాయనగారు ఈ పెట్టెను 1953లో, ఆంధ్రరాష్ట్ర మేర్పడి ఉద్యోగులు కర్నూలునకు కదలుటకు ముందు, మద్రాసున కొనిరి. కర్నూలులో దీనిని విప్పుటకు తావు లేకపోయెను. 1956లో రాజధానితోపాటు హైదరాబాదునకు వచ్చిన తరువాతనే అమీరుపేటలోని అద్దెయింటి వసారాలో మొదటిసారి ఆ బండి పూర్తిగా చుట్టు తిరిగినది. అన్నగారు నడిపించువారు, జెండా చూపుట మా వంతు.

ఆ యిల్లు తరువాతి కాలమున స్వంతమైనది; నాయనగారి యనంతరము అమ్ముడుపోయినది. పంపకమునాడు పెద్దమనుష్యులు కంచు చెంబులతోపాటు ఈ పెట్టెనుకూడ విప్పి న్యాయముగా పంచిరి. వంపుముక్కలు ఎనిమిది: మాకు నాలుగు, అన్నగారికి నాలుగు. తిన్ననిముక్కలు ఆరు: చెరి మూడు. ఇంజను పెద్దవానిది, వాగనులు చిన్నవానివి. ఇంజనుగల యింట బండ్లు లేవు. బండ్లుగల యింట ఇంజను లేదు. ఎనిమిది వంపులు కూడిననే గాని వలయము పూర్తికాదను సంగతి ఆనాడు ఎవరికిని స్ఫురించలేదు. మాకు స్ఫురించినను అనియుండెడివారము కాము. అప్పటికి అన్నదమ్ములకు మాటలు లేవు. అన్నగారు పంజాగుట్టలో, మేము అమీరుపేటలో. నడుమ మెట్రోబండిలో ఒకే ఒక స్టేషను దూరము. పెండ్లిండ్లలో తప్ప ఇన్నేండ్లు కలియలేదు.

నిరుడు శీతకాలపు సెలవులకు వచ్చిన మనుమరాలు అటకమీది పెట్టె తెరచి, నాలుగు వంపులను నేలపై కూర్చి, "తాతా, తక్కిన సగం ఏదీ?" అని అడిగినది. ఈ యేడు మరల వచ్చుచున్నది. దానికి సమాధానము చెప్పవలెనన్న టెలిఫోను చేయక తప్పలేదు. అన్నగారు సంగతి యంతయు విని, కొంతసేపు ఊరకుండి, "ఇంజను నా దగ్గరే ఉందిరా. ఏటేటా నూనె వేస్తూనే ఉన్నాను" అనిరి. నడిపించుటకు పట్టాలు లేని యింజనునకు ఇన్నేండ్లు నూనె వేసిరన్నమాట.

అయితే ఆయన పెట్టిన షరతులు రెండు. ఆయన ముక్కలకు మేకులు గాని మరలు గాని కొట్టరాదు. పండుగ కాగానే ఎవరివి వారికి చేరవలెను. మా రైలుమార్గపు నక్సా యంతయు ఈ రెండు షరతులనుండి పుట్టినదే.

ఇక లెక్క. డబ్లో వంపుముక్కయొక్క వ్యాసార్ధము 15 అంగుళములు. కనుక వలయము అడ్డముగా 30 అంగుళములు. తిన్ననిముక్క 11½ అంగుళములు. పిల్లలు ఆరు తిన్ననిముక్కలను వాడవలెనని పట్టుబట్టిరి. ప్రక్కకు మూడేసి చొప్పున వేసినచో మార్గము పొడవు 64½ అంగుళములగును. అంచులు కలుపుకొన్న ఆరడుగులు. మా హాలులో మెట్లు అమర్చిన పిమ్మట మిగులునది నాలుగడుగులు. అందు మించినచో పేరంటాండ్రు గుమ్మములోనే నిలువవలసివచ్చును. కనుక ప్రక్కకు ఒక్కొక్కటి చాలునని తీర్మానించితిమి. పొడవు 41½, వెడల్పు 30. దీనికి 4 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు గల ప్లైవుడ్ పలక సరిపోవును. చుట్టును మూడేసి అంగుళముల అంచు మిగులును. ఆ అంచు విలాసము కాదు. బండి పట్టాతప్పి పడినపుడు నేలమీద గాక పలకమీదనే పడుటకు అది అవసరము.

ఈ పలకను నడిమికి కోయించితిమి. ఒక్కొక్క సగము 2 అడుగులు, 3 అడుగులు. లిఫ్టులో పట్టును, మంచము క్రిందికి దూరును. ఒక సగముపై మా నాలుగు వంపులు, రెండవ దానిపై అన్నగారి నాలుగు. అంచు 3¼, వంపు 15, తిన్ననిముక్కలో సగము 5¾. కూడినచో సరిగా 24 అంగుళములు. అనగా రెండు తిన్ననిముక్కలు మాత్రమే కోతమీదుగా వంతెనవలె పడును. పండుగ కాగానే వానిని తీసినచో ఎవరి సగము వారు చంకను పెట్టుకొని పోవచ్చును. మేకులకు బదులు పట్టాయొక్క రేకుపీఠమునకు ఇరుప్రక్కల చిన్న చెక్కదిమ్మలను అంటించితిమి. పట్టా వాని నడుమ బిగువుగా కూర్చుండును. క్రింద పలుచని బెండుపరపు వేసితిమి. లేనిచో రేకుపై చక్రముల మ్రోత క్రిందియంతస్తు వారి నిద్రను చెరచును.

అన్నగారి పెట్టెలో లైను మార్చు పాయింటు ఒకటి గలదు. దానిని వాడి లోపల ఒక ప్రక్కదారి వేయవలెనని ఆశ కలిగినది. ఇంత చిన్న చుట్టులో ఆ దారి ఒక వాగను పట్టునంత యుండును. విడిచిపెట్టితిమి.

మార్గము చుట్టుకొలత మొత్తము 117 అంగుళములు, అనగా ఇంచుమించు పదడుగులు. ఇంజను, మూడు వాగనులు, గార్డుపెట్టె. అంతకు మించినచో బండి తన తోకను తానే తరుముకొనుచున్నట్లుండును.

పట్టాలను శుభ్రపరచుటలో మేము నేర్చుకొన్నది కొంత గలదు. రేకుపీఠము తుప్పుపట్టియున్నది, దానిని ఆరిన గుడ్డతో తుడిచి, కొంచెము యంత్రపు నూనెను పలుచగా రాసినచో చాలును. పట్టా పైభాగముననున్న నల్లని మైలను పెన్సిలు చెరుపు రబ్బరుతో రుద్ది, స్పిరిటు తడిపిన గుడ్డతో తుడువవలెను. ఉక్కుపీచును ఎట్టి పరిస్థితిలోను వాడరాదు. దాని నలుసులు పట్టాలపై మిగిలి, ఇంజనులోని అయస్కాంతము వానిని లోపలికి లాగికొనును; మోటారు చెడును. తరువాత ఒక టార్చిలైటు సెల్లును, చిన్న బల్బును, రెండు తీగలను తీసికొని, ఒక తీగను మధ్యపట్టాకును, రెండవదానిని ప్రక్కపట్టాకును తగిలించి చూడవలెను. బల్బు వెలుగరాదు. వెలిగినచో మధ్యపట్టాకును పీఠమునకును నడుమనున్న అడ్డు అరిగినదని గుర్తు. మా నాలుగింటిలో ఒకటి వెలిగినది. పట్టా క్రింద దట్టమైన కాగితపు ముక్క దోపి సరిచేసితిమి.

పెట్టెలోని పాత ట్రాన్సుఫార్మరును మాత్రము వాడవలదు. దాని తీగలపైనుండు రబ్బరు ఇన్నేండ్లకు పెళుసై రాలుచున్నది. ఇంటి కరెంటు పిల్లల చేతికి అందును. తీగలు కలిసినపుడు తనంత తానే ఆగిపోవు క్రొత్త సాధనమును, 12 వోల్టుల ఏకముఖ ప్రవాహము నిచ్చునది, వేగము హెచ్చుతగ్గులు చేయు మీటగలది, కొనితిమి. పాతదానిని చూచుటకు అట్టే యుంచితిమి.

ఇక శీతకాలపు దృశ్యము. విదేశపు చిత్రములలో పట్టాల చుట్టును మంచు పేరుకొనియుండును. మన సంక్రాంతికి తెల్లని మంచుగడ్డ ఎక్కడిది? మనకున్నది పొగమంచు. మేము అరకులోయను ఎన్నుకొంటిమి. కొత్తవలసనుండి కిరండూలు పోవు ఆ దారియందు శిమిలిగూడ స్టేషను సముద్రమట్టమునకు వేయి మీటర్లకు కొంచెమే తక్కువ; సొరంగములు 58. చలికాలమున ఆ కొండవాలులు వలిసెపూలతో పచ్చగా మెరయును. పసుపు కలిపిన రంపపుపొట్టును చల్లినచో వలిసెచేను సిద్ధము. అట్టముక్కలు, పాత వార్తాపత్రికలు, మైదాజిగురుతో ఒక కొండను, దానిలో ఒక సొరంగమును చేసితిమి. బండి లోపల ఆగినపుడు చేయి దూరుటకు కొండ వెనుక కిటికీ వదలితిమి. పొగమంచునకు దూది. కాని దూది పోగులు ఇరుసులకు చుట్టుకొనును. అందుచేత పట్టాకు మూడంగుళముల లోపల దూది లేదు. కొలువునకు పచ్చదనము కొరకు మెంతులు చల్లు ఆచారమును విడువలేదు. అయితే వానిని మూతలలో మొలిపించి తెచ్చి పెట్టుదుము, లేనిచో తడికి రేకు మరల తుప్పుపట్టును. ముగ్గుపిండియు హారతికర్పూరపు మసియు పట్టాలకు శత్రువులే. మా యింటి ఆడవారు హారతిని కొంచెము ఎడముగా ఇత్తుమనిరి.

కొలతల విషయమై పండితులు మమ్ము ఆక్షేపింపవచ్చును. ఈ బండి కొలత అడుగునకు 4 మిల్లీమీటర్లు. ఆ లెక్కన మన బ్రాడ్‌గేజి పట్టాలు 22 మిల్లీమీటర్ల ఎడముతో నుండవలెను. మా పట్టాల ఎడము 16.5 మాత్రమే. ఆ లెక్కన కొంచెము దగ్గరగా వచ్చునది అరకు బండి కాదు, మా కిటికీనుండి కనబడు మెట్రోబండి. ఇక ఆరడుగుల మనిషి ఈ కొలతలో ఒక్క అంగుళము. కొండపల్లి పొణికికఱ్ఱతో చేసిన తాటిగీతవాడు స్టేషను ప్రక్కన నిలిచినచో స్టేషనుకంటె ఎత్తగును. అతనిని రెండవ మెట్టుపైకి పంపితిమి. ఏటికొప్పాక లక్కబొమ్మలలో చిన్నవి కొన్ని సంతలో ఇమిడినవి. బొమ్మలకొలువు ఏనాడును కొలబద్దను లక్ష్యపెట్టలేదు. శెట్టిగారును ఏనుగును సరియెత్తున కూర్చుండుట మన మెరుగనిదా?

క్రిందటి ఆదివారము అన్నగారు వచ్చిరి. నాలుగు వంపులును గుడ్డసంచిలో, ఇంజను చేతి రుమాలులో. మెట్రో స్టేషనులో సంచిని పరీక్షించువాడు ఆ రేకుచంద్రవంకలను చూచి ఇవేమని అడిగెనట. "రైలు పట్టాలు" అని అన్నగారు చెప్పగా నవ్వి వదలెనట. ఆయన కాఫీ త్రాగుటకు ముందే నేలపై కూర్చుండి ముక్కలను కలుపసాగిరి. మేము మరియొక ప్రక్కనుండి కలిపితిమి. రబ్బరు పెట్టి రుద్దిన మా ముక్కలు మెరయుచుండెను. ఆయనవి అంతకంటె శుభ్రముగా నుండెను.

మీట త్రిప్పగా ఇంజను గుర్రుమని, కొంత వణకి, కదలినది. ఆయన సగమును దాటినది. కోతమీది తిన్ననిముక్కను దాటినది. మా మొదటి వంపు ఆరంభమున ఆగినది. వేగము పెంచినను కదలలేదు. మధ్యపట్టా కొననుండు రేకునాలుక క్రిందికి వంగి, ప్రక్కముక్కను తాకుట లేదు. మా చూపునకు అది ఆనలేదు. అన్నగారు అద్దములు తీసి, ముక్కను కంటిదగ్గర పెట్టుకొని, చిటికెనవ్రేలి గోటితో నాలుకను పైకెత్తి మరల కూర్చిరి. ఈసారి బండి ఆగలేదు. పదునొకండు చుట్లు లెక్కించితిమి. ఒక్కొక్క వాగనులో రెండేసి రేగుపండ్లు పట్టునని మనుమరాలు కనిపెట్టినది. భోగినాటికి అవే సరకు.

మెంతులను పండుగకు ఎనిమిది దినములు ముందుగా చల్లవలసియున్నది. సొరంగమునకు రంగు వేయవలెను. అన్నగారి నాలుగు వంపులు పలకమీదనే యున్నవి. ఇంజనును మాత్రము ఆయన మరల రుమాలులో చుట్టుకొని వెంట తీసికొనిపోయిరి. భోగినాడు ప్రొద్దుననే తానే తెత్తుననిరి.