నా పుస్తకానికెక్కని బాకీ
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం నకారా గారిని తలచుకుంటాం. రక్షణ శాఖలో ఆర్థిక సలహాదారుగా చేసి 1972లో రిటైరైన ఆయన, 1979 మార్చి 31కి ముందు దిగిపోయినవారికి కొత్త పెన్షను లెక్క వర్తించదంటే సుప్రీంకోర్టుకెక్కారు. 1982లో ఇదే రోజున తీర్పు వచ్చింది. పెన్షను దయతో పడేసేది కాదు, హక్కు అని తేలింది. ఆయన్ని మనలో చూసినవారు లేరు. అయినా దండ వేస్తున్నాం. వేయవలసిందే.

మరి ఇంట్లోవాళ్ళ సంగతో? కార్యదర్శిగారు నన్ను దాని గురించే మాట్లాడమన్నారు. నిజానికి అందుకు నేను తగినవాణ్ణి కాను. ఎందుకో మనవి చేస్తాను.

మన పెద్దలు ఈ పనిని ఏడాది పొడుగునా సర్దిపెట్టారు. కనుమనాడు పశువులకు, ఆషాఢ పౌర్ణమికి గురువుకు, మహాలయ పక్షంలో పోయినవారికి. ఆ తర్పణాల్లో తల్లిదండ్రులే కాదు, గురువుకూ స్నేహితుడికీ కూడా నీళ్ళు వదులుతాం. దసరాకు ఆఫీసులో టైపుమిషనుకు సైతం బొట్టు పెట్టేవాళ్ళం. ఇన్ని చేసినవాణ్ణి, ఇంటి ఇల్లాలిని మాత్రం మరిచాను.

1983లో మా చెల్లెలి పెళ్ళి. నేనప్పుడు తాలూకా ఆఫీసులో గుమాస్తాను. జి.పి.ఎఫ్. అప్పు పెట్టాను, తెలిసినవారి దగ్గర చేబదులు తెచ్చాను. ఇంకా చాలలేదు. మా ఆవిడ చేతికున్న నాలుగు గాజులు తీసి బల్లమీద పెట్టింది. అమ్మేశాను. అప్పులన్నీ ఒక పుస్తకంలో రాసుకుని, తీరిన కొద్దీ ఎర్ర సిరాతో కొట్టేస్తూ వచ్చాను. చివరి పద్దు కొట్టేసిన రోజున ఎవరికీ రూపాయి బాకీ లేనని ఇంట్లో గొప్పగా చెప్పాను. ఆవిడ విని, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

2006లో రిటైరయ్యాను. గ్రాట్యుటీ అబ్బాయి ఇంటికి సర్దాను. అప్పుడూ ఆవిడ ఏమీ అనలేదు.

2019లో లైఫ్ సర్టిఫికెట్టు కోసం పాత కాగితాలు తీస్తుంటే ఆ పుస్తకం బయటపడింది. మనవరాలు ఒక్కో పద్దూ పైకి చదివి, "బామ్మ గాజులు ఇందులో లేవేం తాతయ్యా?" అంది. ముప్పైఆరేళ్ళు లెక్కలు రాసిన చేయి నాది. సమాధానం దొరకలేదు. కలం తీసి ఆ పుస్తకంలోనే రాశాను: గాజులు నాలుగు, బాకీ.

అది చూసి పిల్లలు తామూ రాస్తామన్నారు. అప్పటినుంచి ఉగాదికి, దసరాకు, కనుమకు భోజనాలయ్యాక ఆ పుస్తకం తీస్తాం. ఎవరికి ఎవరివల్ల మేలు జరిగిందో వాళ్ళు రాయాలి. వీలైతే వెళ్ళి కలవాలి, లేదా ఫోనైనా చేయాలి. కోడలు ఒకసారి వాళ్ళమ్మ పేరు రాసి, ఫోనులో మాట రాక ఏడ్చింది. అబ్బాయి రెండు పండుగలు తప్పించుకున్నాడు, అదీ చెప్పాలి.

మా ఆవిడ మొదటిసారి రాసినది చూసి నేను తెల్లబోయాను. పక్కింటి పిన్నిగారి పేరు రాసింది. పెళ్ళినాడు వదినగారి చేతులు బోసిగా ఉంటే మగపెళ్ళివారు ఏమనుకుంటారోనని, ఆ పిన్నిగారు తన గాజులు తీసి ఈవిడకు తొడిగిందట. మూడు రోజులు అవే వేసుకుని తిరిగిందట. అదే పందిట్లో ఉన్న నేను ఆ చేతులవంక చూడనేలేదు.

ఆ కనుమకే గుంటూరులో కూతురి దగ్గరున్న పిన్నిగారిని వెతుక్కుంటూ వెళ్ళాం. ఎనభై దాటాయి, చూపు ఆనదు. అరిసెలు, చీర చేతిలో పెట్టి సంగతి చెబితే, "గాజులా? నాకేం గుర్తులేదమ్మా" అన్నారు. కానీ మా ఆవిడ చేయి మాత్రం మేం లేచేదాకా వదలలేదు.

ఇక నా బాకీ. పోయిన దసరాకు రెండు గాజులు చేయించాను. బంగారం ధర మీకు తెలియనిది కాదు. మిగతా రెండూ డి.ఆర్. బకాయిలు పడగానే అన్నాను.

"అయితే వచ్చినట్టే!" అంది.