వడికిన చేతుల లెక్క

(తిమ్మాజిపేటలో మహిళా సంఘాల సభ్యులు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రపంచీకరణ గురించి మాట్లాడమన్నారు. ఈ మాట వినగానే మనకు 1991 ఆర్థిక సంస్కరణలు, 1995లో ఏర్పడిన ప్రపంచ వాణిజ్య సంస్థ గుర్తొస్తాయి. నేను ఇంకా వెనక్కి వెళ్లి మొదలుపెడతాను. మీ ఊరి పేరులోనే పేట ఉంది. పేట అంటే అంగళ్లున్న చోటు, బయటి సరుకు వచ్చి దిగే చోటు. మనం తినే జొన్నరొట్టెనే చూడండి. జొన్న వేల ఏళ్ల కింద ఆఫ్రికా నుంచి వచ్చింది. రొట్టెలోకి నూరుకునే మిరపకాయ, పల్లీలు అమెరికా ఖండాలవి. 1498లో పోర్చుగీసువాళ్లు మన తీరం చేరిన తర్వాతనే ఇవి మనకు తెలిశాయి. అంతకుముందు మనకు కారమంటే మిరియాలే. ఓడ నడిపినవాడి పేరు చరిత్రలో ఉంది. తెలియని కాయను పచ్చళ్లకు, పులుసులకు పనికి తెచ్చిన ఆడవాళ్ల ఊసు లేదు.

మాటలూ అలాగే వచ్చాయి. అలమార, బొత్తాం పోర్చుగీసు నుంచి వచ్చినవే. మేస్త్రీ కూడా అంతే. ఆనకట్టల పనులకు పాలమూరు కుటుంబాలను ఊళ్లకు ఊళ్లు తోలుకుపోయిన గుంపు మేస్త్రీ పేరు సముద్రం మీద వచ్చిందని నేను చదువుకునే రోజుల్లో తెలిసి చాలాసేపు నవ్వుకున్నాను. ఆ తర్వాత నవ్వు రాలేదు.

ఇక బట్ట సంగతి. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజుల్లా లాక్కోనని, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటానని విదేశీ వర్తకులకు హామీ ఇచ్చాడు. అదే శతాబ్దం చివర్లో మార్కోపోలో ఈ తీరపు సన్నని బట్టను సాలెగూడుతో పోల్చాడు. గోల్కొండ రాజుల కాలంలో మచిలీపట్నానికి డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషు కంపెనీవాళ్లు వచ్చారు. మన బట్ట ఇండోనేషియా దీవులకు పోయింది, బదులుగా లవంగాలు, జాజికాయ వచ్చాయి. పర్షియా పూలు మన అద్దకంలోకి దిగాయి. కలంకారీ అన్న మాటే పర్షియన్ది. ఈ బట్టల మోజుకు భయపడి ఫ్రాన్సు 1686లో నిషేధం పెట్టింది, ఇంగ్లండు 1700లో, 1721లో చట్టాలు చేసింది. స్వేచ్ఛా వాణిజ్యం గురించి మనకు పాఠాలు చెప్పే దేశాలే ఇవి!

ఆ వ్యాపారం ఎలా నడిచిందో కొంచెం నిదానంగా చూద్దాం. కంపెనీ వర్తకుడికి ముందుగా డబ్బు ఇచ్చేది. వర్తకుడు దలారి ద్వారా నేతగాడికి బయానా ఇచ్చేవాడు. బయానా తీసుకున్నవాడు ఇంకొకరికి బట్ట అమ్ముకోలేడు, ధర అడగలేడు. ఈ వరస నేతగాడి దగ్గరే ఆగిపోయినట్టు మన పుస్తకాలు రాస్తాయి. కాని ఒక మగ్గం ఆడాలంటే నాలుగైదు రాట్నాలు తిరగాలి. ఆ రాట్నాల ముందు కూర్చున్నది స్త్రీలు, అందులో ఏ ఆధారమూ లేని వితంతువులు ఎందరో. కంపెనీ పత్రాల్లో వర్తకుల పేర్లు, నేతగాళ్ల ఊళ్లు నాకు దొరికాయి. వడికిన మనిషి పేరు ఒక్కటీ దొరకలేదు.

1820ల తర్వాత ఇంగ్లండు మిల్లునూలు రాసాగింది. నేతగాడు ఆ నూలు కొని, నష్టపడుతూనైనా మగ్గం నిలబెట్టుకోగలిగాడు. రాట్నానికి ఆ వీలు లేదు. ముందు పోయింది ఆడవాళ్ల పనే. ఆ జీవనాధారం ఇళ్ల లోపలే నిశ్శబ్దంగా పోయింది గనుక దాన్నెవరూ కరువుగా లెక్కించలేదు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగచేప దవడతో పత్తి ఏకి నూలు వడికే స్త్రీలు ఈనాటికీ ఉన్నారు. అలా మిగిలింది బహు కొద్దిచోట్లే.

ఇప్పుడు గద్వాల వైపు, ఐజ, గట్టు, మల్దకల్ సీడు పత్తి చేలకు రండి. సంకరవిత్తనం కావాలంటే ఒక చెట్టు మొగ్గలోని పుప్పొడి భాగాన్ని సాయంత్రం గిల్లి తీసేయాలి. మర్నాడు పొద్దున ఇంకో చెట్టు పువ్వు తెచ్చి రుద్దాలి. ఒక్కొక్క మొగ్గకూ ఇదే పని, వారాల తరబడి. చిన్న వేళ్లయితే మొగ్గ చెడదని ఆడపిల్లలను పెట్టారు. అసలు కారణం వేళ్లు కావు, కూలి. మగకూలీ కంటే, పెద్ద ఆడకూలీ కంటే కూడా తక్కువకు వాళ్లు దొరికారు. ఎదురు చెప్పరు, తల్లిదండ్రులు తీసుకున్న అడ్వాన్సుకు కట్టుబడి ఉంటారు. దావులూరి వెంకటేశ్వర్లు, లూసియా డా కోర్టా ఈ పరిస్థితిని పరిశోధించి 2001లో ప్రచురించారు. ఆ సంగతి ప్రపంచానికి తెలిశాక విత్తన కంపెనీలను నిలదీస్తే, పొలం మాది కాదు, కూలీలు మావాళ్లు కారు అన్నాయి. ఒత్తిడి పెరిగాక పిల్లలను పెట్టకుండా చూస్తామన్నాయి. కాని రైతుకిచ్చే విత్తనం ధర, పెద్దవాళ్లకు సరైన కూలి ఇవ్వగలిగినంత ఉండాలి కదా అన్న ప్రశ్న వచ్చేసరికి మాట మార్చాయి.

కంపెనీ, ఆర్గనైజరు, రైతు, చివర ఆడపిల్ల. కంపెనీ, దలారి, నేతగాడు, చివర రాట్నం ముందు స్త్రీ. నాలుగు వందల ఏళ్లుగా డబ్బు పైనుంచి అప్పు రూపంలోనే దిగుతోంది. లాభం పైకి పోతుంది, బాధ్యత మాత్రం ఒక్కో మెట్టు దగ్గరా తెగిపోతుంది. మనం రైతును దోషిగా నిలబెట్టి ఊరుకుంటే పై రెండు మెట్లూ హాయిగా తప్పించుకుంటాయి. అలాగని పిల్లను పనిలో పెట్టిన రైతు నిర్దోషి అని కూడా నేననను. బాలకార్మిక చట్టం కింద కేసు పెట్టేటప్పుడు మన కార్యకర్తలు ఈ రెండు మాటలూ కలిపి పట్టుకోవాలి. అది కష్టమని నాకు తెలుసు. మొన్నటిదాకా నేనూ మొదటి మాటే గట్టిగా చెప్పేదాన్ని.

మీ దగ్గర సీడు పత్తి వేసే ఊళ్లుంటే, లేదా మీ ఊరి నుంచి అక్కడికి కూలికి పోయేవాళ్లుంటే, వాళ్లతో కూర్చుని రాసుకురండి. అడ్వాన్సు ఏ నెలలో ఇచ్చారు? ఎవరి చేతికిచ్చారు, తల్లికా తండ్రికా? రైతుకు విత్తనం ధర చెప్పిందెవరు, కాగితం మీద రాశారా, దాని మీద ఎవరి సంతకం ఉంది? బడి మానేసిన ఆడపిల్ల మళ్లీ ఏ తరగతిలో చేరింది? ఇప్పటికే రాసుకొచ్చిన అక్కలు కొందరున్నారు. అన్నాలు తిన్నాక ఆ కాగితాలు ముందు వేసుకుని మాట్లాడుకుందాం.