ఆబాదీ అంటే ఏమిటి?



“మీ ఊరెక్కడ? ఊళ్లో ఎంతమంది?” కొత్తవాళ్లు కలిస్తే ఈ రెండు ప్రశ్నలూ అడుగుతారు.

కొండపాక సిద్దిపేట జిల్లాలో ఉంది. హైదరాబాదు నుండి కరీంనగర్ పోయే రాజీవ్ రహదారికి దగ్గర. సిద్దిపేట కంటే ముందే వస్తుంది. 2016 దాకా ఇది మెదక్ జిల్లా. కలెక్టరును కలవాలంటే సంగారెడ్డి దాకా పోవాలి. 2016 అక్టోబరు 11న సిద్దిపేట జిల్లా ఏర్పడింది. కలెక్టరు ఆఫీసు ఈ మండలంలోనే, దుద్దెడలో కట్టారు. ఊరు కదల్లేదు, జిల్లా మారింది.

ఇక ఎంతమంది అనే ప్రశ్న. దీనికి ఒక పాత మాట ఉంది. ఆబాదీ. ఇది ఫార్సీ మాట. ఫార్సీ ఇరాన్ దేశం భాష. నిజాం రాజ్యంలో సర్కారు కాగితాలు మొదట ఆ భాషలోనే రాసేవారు. తర్వాత ఉర్దూ వచ్చింది. ఫార్సీ పోయినా మాటలు మిగిలాయి. సర్కారు, దరఖాస్తు, బందోబస్తు అన్నీ అక్కడివే.

ఇరాన్‌లో పల్లెను ఆబాదీ అంటారు. మన దగ్గర ఊళ్లో ఇళ్లున్న జాగా ఆబాదీ. ఉర్దూలో జనాభా కూడా ఆబాదీయే. జాగాకు, జనానికి ఒకటే మాట.

మరి జనం వెళ్లిపోతే? అలాంటి ఊరిని “బేచిరాగ్” అని రాసేవారు. చిరాగ్ అంటే దీపం. దీపం లేని ఊరు అన్నమాట. ఇంట్లో దీపం పెట్టేది ఆడవాళ్లే గదా! రాసినవాళ్లకు ఆ సంగతి తట్టిందో లేదో.

2011 జనాభా లెక్కలప్పుడు కొండపాక మండలంలో ఎర్రవల్లి, సింగారం అనే ఊళ్లు ఉన్నాయి. తర్వాత మల్లన్నసాగర్ కట్టారు. 50 టీఎంసీల నీళ్లు పట్టే జలాశయం అది. 2022 ఫిబ్రవరి 23న ప్రారంభమైంది. ఈ రెండు ఊళ్లూ, తొగుట మండలంలో మరికొన్ని ఊళ్లూ మునిగాయి. జనం గజ్వేల్ దగ్గర కాలనీకి పోయారు. పొలాలకు నీళ్లు కావాలి, నిజమే. కానీ అక్కడి నుండి లేచిపోయిన అవ్వను “మీ ఊరెక్కడ” అని అడిగితే ఏం చెబుతుంది? ఇక ఆమె లెక్క గజ్వేల్ వైపే పడుతుంది.

జనాభా లెక్క పదేళ్లకు ఒకసారి. 2021లో జరగాల్సింది కరోనా వల్ల ఆగింది. కొత్త లెక్కకు 2027 మార్చి 1వ తేదీని ఖరారు చేశారు.

లెక్క రాసేవారు ఇంటికి వస్తారు. ఇంటాయనో, కొడుకో ముందుకొచ్చి అన్నీ చెప్పేస్తారు. “అమ్మకు చదువు రాదు, పనేం లేదు” అంటారు. అక్కడే లెక్క తప్పుతుంది. ఏడేళ్లు నిండినవారు ఏ భాషలోనైనా అర్థం చేసుకుని చదవగలిగితే, రాయగలిగితే చదువు వచ్చినట్టే. బడికి పోయి ఉండాలని లేదు. చదవడం మాత్రమే వచ్చి, రాయడం రాకపోతే లెక్కలోకి రాదు. 2011లో ఇప్పటి తెలంగాణ జిల్లాల్లో నూటికి 58 మంది ఆడవాళ్లే చదువు వచ్చినవారని తేలింది. రాత్రి బడిలో నేర్చుకున్న ఆమె గురించి కొడుకు “రాదు” అంటే, ఆమె మిగిలిన 42 మందిలో పడుతుంది.

పని సంగతీ అంతే. కూలి ముట్టకపోయినా సొంత పొలంలో కలుపు తీస్తే అది పనే.

ఇంకో ముచ్చట. 1948 జనాభా లెక్కల చట్టం ప్రకారం ఆనవాయితీ లేకపోతే ఆడవాళ్లు భర్త పేరు చెప్పనక్కర్లేదు. ఇంటాయన కూడా ఇంట్లో ఆడవాళ్ల పేర్లు చెప్పి తీరాలని లేదు. అలా ఆయన చెప్పకుండా ఊరుకుంటే, తన పేరు తానే చెప్పొచ్చు. వయసు, చదువు, పని కూడా.