ఇంటి బొద్దింకలు: వాని జాతులు, నివారణోపాయములు



ఖమ్మము నుండి భద్రాచలము వరకు గల అడవి అంచు గ్రామములలో జాడను చూచి జంతువును, కూతను విని పిట్టను చెప్పగలవారు పెక్కుమంది కలరు. ఎలుగుబంటి నడచు త్రోవ, పాము చేరు పుట్ట వారికి తెలియును. అట్టివారే దీపమార్పిన పిదప వంటయింటిలో తిరుగు పురుగులనన్నింటిని బొద్దింక అను ఒక్క పేరుతో పిలిచి, కనబడినదానిని చెప్పుతో కొట్టి, కనబడనివానిని మరచుచున్నారు. మరికొందరు ప్రత్తికి, మిరపకు కొట్టగా మిగిలిన మందును తెచ్చి పొయ్యిగట్టు క్రింద చల్లుచున్నారు. మొదటి పద్ధతివలన బొద్దింక పోదు. రెండవ పద్ధతివలన ఇంటివారికే ముప్పు. వచ్చినది ఏ జాతియో గుర్తించి, దానికి నీరు, తిండి, దాగుచోటు లేకుండ చేయుటయే మేలైన మార్గము.

లోకములో బొద్దింక జాతులు 4,500కు పైగా కలవు. వానిలో మనుష్యుని ఇంటిని ఆశ్రయించునవి సుమారు 30 మాత్రమే. మన ఇండ్లలో ముఖ్యముగా గుర్తింపవలసినవి మూడు.

మొదటిది పెద్ద ఎర్ర బొద్దింక. దీనిని అమెరికా బొద్దింక అందురు. అసలు పుట్టిల్లు ఆఫ్రికా. పొడవు మూడున్నర నుండి నాలుగు సెంటిమీటర్లు. మెడపైని పలక చుట్టును పసుపుపచ్చని అంచు ఉండును. మురికి కాలువ, మరుగుదొడ్డి గుంట, స్నానపు గది తూము, కట్టెల మోపు, తడిసిన గోనెసంచులు దీని నివాసములు. చిక్కుడు గింజవంటి గోధుమరంగు పెట్టెలో సుమారు 16 గుడ్లు పెట్టి, దానిని చాటున అంటించి పోవును. ఇట్టి పెట్టెలు కనబడినచో చీపురుతో ఊడ్చి పారవేసిన చాలదు, నలిపివేయవలెను.

రెండవది జర్మనీ బొద్దింక. ఇది ఒకటిన్నర సెంటిమీటరుకు మించదు. లేత గోధుమవన్నె కలిగి, తల వెనుక పలకపై రెండు నల్లని నిలువు చారలు ఉండును. గ్యాసుపొయ్యి క్రింద, మిక్సీ అడుగున, ఫ్రిజ్ వెనుక, అలమార కీలుసందులలో చేరును. 30 నుండి 40 వరకు గుడ్లున్న పెట్టెను, పిల్లలు వెలువడు వేళవరకు తల్లి తనతోనే మోయును. పిల్లలు రెండు మూడు నెలలలో పెద్దవగును గనుక అన్నింటికంటె త్వరగా పెరుగునది, పోగొట్టుటకు కష్టమైనది ఇదియే.

దీని పేరు వెనుక ఒక విచిత్రము కలదు. స్వీడన్ శాస్త్రజ్ఞుడు లినేయస్ 1767లో దీనికి జర్మనీ పేరు పెట్టెను. కాని 17 దేశములనుండి సేకరించిన 281 బొద్దింకల జన్యువులను పరిశీలించి 2024లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, ఇది సుమారు 2,100 సంవత్సరముల క్రిందట భారతదేశమునందో బర్మాయందో ఆసియా బొద్దింక నుండి వేరుపడినది. వర్తకుల సరకులతోను, సైన్యముల సామగ్రితోను పశ్చిమాసియాకు, పిదప ఐరోపా వర్తకుల నౌకలపై దేశదేశములకు వ్యాపించినది. నాడు ఓడ సరకుతో పోయినది నేడు అట్టపెట్టెతో ఇల్లు చేరుచున్నది. కనుక దుకాణమునుండి తెచ్చిన పెట్టెను వాకిట విప్పి, దులిపి, పిమ్మట లోనికి తీసికొనిపోవలెను.

మూడవది పట్టీల బొద్దింక. పరిమాణములో రెండవదానివంటిదే గాని నిలువు చారలుండవు. రెక్కలపై అడ్డముగా లేత పట్టీలుండును. దీనికి తేమ అంతగా అక్కరలేదు. పటముల వెనుక, పై అరలలో, పుస్తకముల బీరువాలలో కాపురముండును. గ్రంథాలయమువారు దీనిని ప్రత్యేకముగా కనిపెట్టవలెను.

అప్పుడప్పుడు తెల్లని బొద్దింక కనబడును. అది వేరు జాతి కాదు. కుబుసము విడిచిన క్రొత్తలో ఏ బొద్దింకయైనను అట్లే ఉండి, కొన్ని గంటలలో నల్లబడును. వానకాలములో అడవినుండి దీపమునకు ఎగిరి వచ్చు జాతులు సాధారణముగా ఇంట స్థిరపడవు. వానికొరకు మందు వాడనక్కరలేదు.

ఇక కీడు సంగతి. మురికి కాలువలో తిరిగిన కాళ్లతోనే ఇది అన్నపుగిన్నె అంచుపై నడచును. విరేచనములు, జ్వరము కలిగించు సూక్ష్మక్రిములు దాని కాళ్లమీదను, మలములోను చేరియుండును. దాని మలము, కుబుసము ఎండి పొడియై గాలిలో కలిసి ఉబ్బసమును రేపును. 1997లో అమెరికాలో వెలువడిన పరిశోధనలో, ఈ పొడి సరిపడని ఉబ్బసపు పిల్లలు, అది ఎక్కువగా ఉన్న ఇండ్లలో పెరిగినప్పుడు, తక్కిన ఉబ్బసపు పిల్లలకంటె 3 రెట్లకు పైగా ఆసుపత్రి పాలైరని తేలినది. పుస్తకమునకు గల కీడు మనకు తెలిసినదే: అట్టకు పూసిన పిండిజిగురును, బైండు గుడ్డను కొరికి, పుటలపై నల్లని మరకలు వదలును. చెదలు కూడ బొద్దింక వంశములోనివే యని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. పుస్తకమునకు ఇద్దరు శత్రువులును ఒక్క ఇంటివారే!

నివారణలో మొదటి పని నీరు. ఎర్ర బొద్దింక నీరు దొరికినచో తిండి లేకుండ నెల దాటి బ్రతుకగలదు. కావున రాత్రి పరుండుటకు ముందు కారు కుళాయిని బిగించి, అంట్లు తోము తొట్టిని తుడిచి, తూముపై సన్నని జల్లెడ మూత వేయవలెను. రెండవ పని తిండి. ఎంగిలి కంచములను తెల్లవారువరకు ఉంచరాదు. బెల్లము, పిండి మూత బిగియు డబ్బాలలో ఉంచవలెను. మూడవ పని దాగుచోటు. గోడపగుళ్లను సిమెంటుతో పూడ్చి, కాగితపు కట్టలను, పాత గోనెసంచులను తొలగింపవలెను.

వరదలనాడు ఈ శ్రద్ధ రెట్టింపు కావలెను. భద్రాచలము వద్ద గోదావరి 43 అడుగులకు చేరిన మొదటి హెచ్చరిక ఇత్తురు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినది. కాలువలు నిండినప్పుడు వానిలోని బొద్దింకలు పొడిచోటు వెదకుచు ఇండ్లలోనికి ప్రాకును. నీరు తీసిన పిదప తడిసిన సంచులను, అట్టలను ముందుగా బయటవేసి, అటకను దులిపిన తరువాతనే సామాను సర్దుకొనవలెను.

ఎన్ని ఉన్నవో తెలియుటకు ఒక గాజుసీసా చాలును. లోపలి మెడకు నూనె రాసి, అడుగున బెల్లపు ముక్క వేసి, రాత్రి గోడవార నుంచిన, దిగిన బొద్దింక పైకి ఎక్కలేదు. ఏ మూల సీసాలో ఎక్కువ పడునో ఆ మూలనే గూడున్నదని గ్రహింపవలెను.

అచ్చట ఎర పెట్టవచ్చును. క్యారం బల్లపై చల్లు బోరిక్ పొడిని గోధుమపిండి, పంచదారలతో కలిపి చిన్న ఉండలు చేసి, పిల్లలకు, కుక్కలకు అందని సందులలో ఉంచవలెను. ఇది మెల్లగా పనిచేయును. ఒకటి రెండు వారములు ఓపిక పట్టవలెను. అంగళ్లలో సూదిగొట్టములో అమ్ము ఎరముద్ద చిన్న జాతికి మిక్కిలి గుణకారి. తిన్నది గూటికి పోయి చచ్చును. దానిని, దాని మలమును తిన్నవియు చచ్చును. ఎర పెట్టినచోట పిచికారి మందు కొట్టరాదు. ఆ వాసనకు బొద్దింకలు ఎర దరి చేరవు.

పొలపు మందు మాత్రము గడప దాటి లోనికి రారాదు. 1958లో కేరళలో పారాథియాన్ అను పురుగుమందు కలిసిన పిండి తిని నూరుమందికి పైగా మరణించిరి. ఆ ఘోరము తరువాతనే 1968లో పురుగుమందుల చట్టము వచ్చినది. డబ్బాపైని వజ్రాకారపు గుర్తులో ఎరుపు అత్యంత విషమును, పసుపు అధిక విషమును, నీలము మధ్యరకమును, ఆకుపచ్చ స్వల్ప విషమును తెలుపును. చదువరాని ముసలివారికి, పిల్లలకు ఈ రంగుల అర్థము చెప్పుట చదివినవారి విధి. ఎవరైన పొరపాటున మందు మ్రింగినచో, ఆ డబ్బాను కూడ తీసికొని వెంటనే ఆసుపత్రికి పోవలెను.

కలరా ఉండలను కూడ నమ్మరాదు. వానికి బొద్దింకలు చావవు. మలేరియా చిరకాలముగా ఉన్న ప్రాంతములలో కొందరి రక్తములో పుట్టుకతోనే జి-6-పి-డి అను పదార్థము కొరవడియుండును. అట్టి పసిబిడ్డకు కలరా ఉండలతో దాచిన బట్టలు తొడిగినచో రక్తకణములు చితికి కామెర్లు రావచ్చును.

పుస్తకముల బీరువాను గోడకు జానెడు ఎడముగా ఉంచవలెను. బైండు జిగురులో కొద్దిగా మైలుతుత్తము కలుపుట పాతకాలపు బైండరులకు తెలిసిన ఉపాయము. అది విషము గనుక పని ముగిసిన పిదప చేతులు కడుగుకొనవలెను. అన్నింటికంటె ముఖ్యమైనది, చదువు గదిలో చిరుతిండి తినకుండుట.

మనకు మిత్రులును కలరు. బల్లి, సాలీడు బొద్దింకలను తినును. కిటికీలపై వాలి, జెండావలె కడుపును ఊపు చిన్న నల్లని కందిరీగ, బొద్దింక గుడ్లపెట్టెలో తన గుడ్డు పెట్టును. దాని పిల్ల ఆ గుడ్లనన్నింటిని తినివేయును. అది మనుష్యులను కుట్టదు. దానిని చంపరాదు.

చివరగా ఒక్క మాట. కాలువ అందరిది. ఒక ఇంట మాత్రమే శుభ్రము చేసిన, బొద్దింక ప్రక్కింటికి పోయి వారము తిరుగకమునుపే మరలి వచ్చును. వీధివీధివారు ఒకే దినమున కాలువ తీయించి, తూములకు మూతలు వేయించి, సీసాలు పెట్టి లెక్క వ్రాసికొనవలెను. తరువాత నెలనెలకు ఆ లెక్క చూచినచో తమ కృషి ఫలించినదో లేదో తమకే తెలియును. చందాదారులు పదిమంది కలిసి ఇన్నేండ్లు గ్రంథాలయమును నిలిపిన గ్రామమునకు ఇది అసాధ్యమైన పని కాదు.