నాగసాకి వైద్యుడు బిడ్డలకు విడిచిన ఆస్తి



గ్రంథాలయపు పండుగనాడు ఒక గృహస్థుని స్మరించుట ఉచితము. ఆయన రాజు కాడు, సేనాని కాడు. వృత్తిచే వైద్యుడు, మతముచే కతోలికుడు, ఇద్దరు బిడ్డల తండ్రి. జపాను దేశీయుడైన ఆ డాక్టరు తకాషి నాగాయ్ మంచము పట్టిన దినములలో పిల్లలకొక గ్రంథాలయమును ఏర్పరచెను.

నాగాయ్ 1908 లో మాత్సుయె పట్టణమున జన్మించెను. తండ్రియు వైద్యుడే. నాగసాకిలో వైద్యవిద్య అభ్యసించుచుండగా ఆయనకు దేవునియందు నమ్మకము లేదు. 1930 లో తల్లి అవసానకాలమున తనవంక చూచిన చూపు ఆయన మనస్సును కదల్చెను. దేహముతో సర్వమును నశించునని ఆ పిమ్మట నమ్మజాలకపోయెను. తరువాత ఉరకామి పేటలో మొరియామవారి యింట బసచేసెను. క్రైస్తవమతము నిషేధింపబడిన కాలమున, రెండువందల యేండ్లకు పైగా, తమ విశ్వాసమును రహస్యముగ కాపాడుకొన్న వంశమది. ఆ యింటి ఆడపడుచు మిదోరి. 1934 లో నాగాయ్ జ్ఞానస్నానము పొంది, ఆ సంవత్సరమే ఆమెను వివాహమాడెను.

ఆయన ఎక్స్‌రే వైద్యుడు. యుద్ధకాలమున ఫిల్ములు చాలక, క్షయరోగులను యంత్రము నెదుట నిలిపి కంటితోనే పరీక్షించుచుండెను. ఆ కిరణములు ఆయన రక్తమును చెరచినవి. 1945 జూన్ మాసమున లుకేమియా వ్యాధి బయటపడెను. మూడేండ్లకు మించి జీవింపడని తేలెను. ఆ మాట విని మిదోరి సిలువయెదుట ప్రార్థించి, భర్తకు ధైర్యము చెప్పెను. తాను పోయినను బిడ్డలకు తల్లి యుండునని ఆయన ఊరట చెందెను.

జరిగినది వేరు. ఆగస్టు 9 వ తేదీ పగలు 11 గంటల 2 నిమిషములకు నాగసాకిపై అణుబాంబు పేలెను. ఆసుపత్రిలోనున్న నాగాయ్‌కి కణతయొద్ద రక్తనాళము తెగెను. ఆయన తలకు కట్టు కట్టించుకొని క్షతగాత్రులకు శుశ్రూష చేసెను. పిదప ఇల్లు చేరి చూడగా బూడిదలో భార్య అస్థికలును, వాని చెంత కరిగిన జపమాలయు కనబడెను. ఆ యెముకలను బకెట్టులో నుంచుకొని తానే మోసికొనిపోయెను. పిల్లలు కొండపల్లెలో అమ్మమ్మ యొద్ద నుండుటచే బ్రతికిరి.

1946 లో నాగాయ్ మంచము పట్టెను. 1948 లో ఆయనకై రెండు చాపలు పట్టునంతటి కుటీరమొకటి నిర్మింపబడెను. నిన్నువలెనే నీ పొరుగువానిని ప్రేమింపుమను ఉపదేశమును స్మరించి దానికి ‘న్యోకోదో’ అని పేరిడెను. ప్లీహము ఉబ్బిపోయి, చిన్న తాకిడికే పగులునను భయముండెను. అందుచే ఆడుచు పరుగెత్తివచ్చు చిన్నకూతురిని ఒడిలోనికి తీసికొనుటకు వీలులేకపోయెను. ఒకనాడు ఆయన నిద్ర నటించుచుండగా, ఆ పాప మెల్లగ వచ్చి తన చెక్కిలిని తండ్రి చెక్కిలికి ఆనించెను. కన్నులు తెరచిన పాప వెడలిపోవును. కావున తండ్రి కన్నులు తెరవకయే యుండెను. ఈ సంగతిని ఆయనయే వ్రాసెను.

చేతులతో దరిచేర్చుకొనజాలని బిడ్డలకొరకు ఆయన కలము పట్టెను. పరుండియే గ్రంథములు రచించెను. ‘నాగసాకి గంటలు’ 1949 లో వెలువడి దేశమంతట పఠింపబడెను. వచ్చిన ధనముతో తన యిల్లు పెంచుకొనలేదు. ఉరకామి పేటలో వేయి చెర్రీ మొక్కలు నాటించెను. పుస్తకములన్నియు కాలిపోయిన పేటలో పిల్లలకొరకు గ్రంథములు చేర్చి, చిన్న గ్రంథాలయమును నెలకొల్పెను. దాని పేరు ‘మా పుస్తకాల పెట్టె’ అను అర్థమిచ్చును. తన బిడ్డలకు కొరవడినది ఊరి బిడ్డలందరికిని కొరవడినదని ఆయన యెరుగును.

1951 మే 1 వ తేదీన, నలుబదిమూడవ యేట, నాగాయ్ పరమపదించెను. మనుమల నెత్తుకొను భాగ్యము ఆయనకు లేదు. ఆ కుటీరముప్రక్క 1952 లో నగర గ్రంథాలయము వెలసెను. అదియే నేడు ఆయన స్మారకమందిరము; అందు పుస్తకశాల నేటికిని కలదు. పిమ్మట కుమారుడును, ఆ తరువాత తాత ముఖమెరుగని మనుమడును ఆ మందిర నిర్వహణభారము వహించిరి.

సభాసదులారా, ఈ గ్రంథాలయపు అలమారులలోని పుస్తకములును ఎవరో యొకరు మన పిల్లలను తలచి యిచ్చినవే. సాయంకాలము దీపము వెలిగించి తలుపు తెరచువేళ ఆ దాతలను ఒక్కసారి తలచుకొనుడు. చిరిగిన పుటను అంటించుడు. తీసికొన్న పుస్తకమును గడువులోపల మరల తెచ్చి యిండు. తరువాతి బిడ్డ దానికై వేచియుండును.