తల్లికి పునర్జన్మ



ప్రసవము స్త్రీకి పునర్జన్మ యని పెద్దలు చెప్పుదురు. ఆ మాటలో తల్లిపై జాలి కలదు. దైవమెట్లు చేసిన నట్లగునను నిస్పృహయు కలదు. ఆ నిస్పృహకిక తావు లేదు. 2014-16లో భారతదేశమున లక్ష సజీవ జననములకు 130 మంది తల్లులు మరణింపగా, 2018-20 నాటికి ఆ సంఖ్య 97కు తగ్గెను. ఆంధ్రప్రదేశమున అది 45, తెలంగాణమున 43. తగ్గింపగలిగిన దానిని ఇంకను తగ్గింపవచ్చును.

గర్భిణికి అయిదవ నెల తరువాత రక్తపుపోటు 140/90కి చేరినచో జాగ్రత్త పడవలెను. విడువని తలనొప్పి, చూపు మసకబారుట, ముఖము ఉబ్బుట, పైకడుపులో నొప్పి—ఇవి గుర్రపువాతమునకు ముందు రాగల గుర్తులు. దృష్టిదోషమని దిగదుడుచుచు కూర్చున్న గడియలే ప్రాణము తీయును. మెగ్నీషియం సల్ఫేటు ఇచ్చినచో ఆ మూర్ఛ వచ్చు ప్రమాదము సగమునకు పైగా తగ్గునని 33 దేశములలో పదివేలమంది స్త్రీలపై జరిగిన పరిశోధన 2002లో నిరూపించెను. ఆ మందు ఆసుపత్రిలోనే ఇయ్యవలసినది.

రెండవ గండము రక్తస్రావము. బిడ్డ పుట్టిన పిదప గర్భాశయము గట్టిగా ముడుచుకొనవలెను. ముడుచుకొననిచో కొలది గంటలలోనే ప్రాణాపాయము. రక్తహీనురాలు కొద్దిపాటి నష్టమునకే తాళలేదు. కావుననే నెలల తరబడి ఇనుము మాత్రలు మ్రింగుమనుట.

చంకలో నొక బిడ్డ, కడుపులో నొక బిడ్డ యున్న తల్లికి ఆ రక్తము కూడుకొనుట కెక్కడిది వ్యవధి? ఒక కాన్పు తరువాత మరల గర్భము ధరించుటకు కనీసము 24 నెలల ఎడముండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా.

ఇందుకు కాపర్-టి యొక మంచి సాధనము. రాగితీగ చుట్టిన ఈ చిన్న పరికరమును ప్రసవమైన 48 గంటలలోగాని, ఆరు వారముల పిదపగాని అమర్చుదురు. 380-ఏ రకము పదేండ్లు పనిచేయును. తీయించుకొన్న పిదప గర్భము నిలుచుటకు ఆటంకము లేదు. అది గుండెకు ప్రాకునను మాట అసత్యము. అయితే తొలి నెలలలో ముట్టు అధికముగా కావచ్చును, నొప్పి యుండవచ్చును; సుఖవ్యాధులనుండి అది రక్షింపదు; గర్భాశయమున వ్యాధి సోకియున్నవారికి తగదు. మూడు నెలల కొక సూదిమందు కూడ 2017 నుండి ప్రభుత్వాసుపత్రులలో వచ్చినది. దానిని మానిన పిదప గర్భము నిలుచుటకు కొన్ని నెలలు పట్టును.

గుణదోషములు రెండును విని, ఏది కావలెనో, అసలు కావలెనో వద్దో నిర్ణయింపవలసినది ఆ స్త్రీయే. అత్తగారి యానతిగాని, భర్త పట్టుదలగాని, ఆసుపత్రివారి తొందరగాని ఆమె సమ్మతికి బదులు కానేరవు.

గ్రంథాలయమున చదివిన మాట ఇంటి గడప దాటి లోనికి పోయిననాడే చదువు సార్థకము. ఈ రాత్రి ఇంటనున్న గర్భిణిని ఒక్క ప్రశ్న అడుగుడు: "అమ్మా, నీ రక్తపుపోటు ఎప్పుడు చూపించుకొంటివి?"