పుంటా కానా బీచ్ కేసు: నేను డిలీట్ చేసిన వీడియో



"అన్నా, ఆ డొమినికన్ రిపబ్లిక్ బీచ్ కేసు మీద వీడియో చెయ్యి" అని చాలామంది అడిగారు. చేస్తున్నా. కానీ మీరు అనుకున్న వీడియో ఇది కాదు.

ముందు ఒకటి ఒప్పుకోవాలి. 2025 మార్చిలో నేను ఆ వీడియో రెడీ చేశా. పదకొండు నిమిషాల స్క్రిప్ట్. థంబ్‌నెయిల్‌లో సీసీటీవీ ఫోటో, దాని మీద ఎర్ర సున్నా, పక్కన "అతనే చేశాడా?" అని పెద్ద అక్షరాలు. అప్‌లోడ్ చేసి తెల్లారి రిలీజ్ అయ్యేలా షెడ్యూల్ కూడా పెట్టేశా. ఆ రాత్రి ఒక వార్త చూసి డిలీట్ చేశా. ఎందుకో చెప్తా. ఇవాళ పేర్లు మాత్రం చెప్పను. ఈ కథకి పేర్లతో పని లేదు.

ముందు మనకు నిజంగా తెలిసింది ఎంతో చూద్దాం. అమెరికాలో, వర్జీనియాలో ఉండే తెలుగు కుటుంబం. వాళ్ల అమ్మాయికి ఇరవై ఏళ్లు, కాలేజీ స్టూడెంట్. సెలవులకి ఫ్రెండ్స్‌తో పుంటా కానా వెళ్లింది. 2025 మార్చి 6, తెల్లవారుజామున 4:15 ప్రాంతంలో ఆ గ్రూప్ బీచ్ వైపు వెళ్లడం కెమెరాలో ఉంది. ఆరు లోపే మిగతావాళ్లు వెనక్కి వచ్చారు. ఆ అమ్మాయి, అక్కడే పరిచయమైన ఒక అమెరికా కుర్రాడు బీచ్‌లో ఉండిపోయారు. నడుము లోతు నీళ్లలో ఉండగా పెద్ద అల లాగేసిందని, తను పట్టుకుని ఒడ్డు దగ్గరికి తెచ్చానని, తర్వాత ఒడ్డున పడి నిద్రపోయానని అతను అధికారులకు చెప్పాడు. హెలికాప్టర్లు, డ్రోన్లు, పడవలు, డైవర్లు, కుక్కలతో వెతికారు. అతని పాస్‌పోర్ట్ తీసుకుని రోజుల తరబడి ప్రశ్నించారు. చివరికి జడ్జి వదిలేయమన్నారు. అతని మీద ఏ నేరమూ మోపలేదు.

అంతే ఫ్రెండ్స్. ఇది చెప్పడానికి ఒక నిమిషం చాలు. మరి నా స్క్రిప్ట్ పదకొండు నిమిషాలు ఎట్లా అయింది? మిగతా పది నిమిషాలు నేను నింపినవే. కిడ్నాప్ అయిందేమో, ట్రాఫికింగ్ గ్యాంగ్ ఏమో, అతని నడక చూడండి, మొహం చూడండి... అన్నీ "ఏమో"లే. చివర్లో ఒక ప్రశ్న గుర్తు పెడితే మన తప్పు ఉండదని ధైర్యం.

ఆ రాత్రి నేను చూసిన వార్త ఏంటంటే, మార్చి 17న ఆ తల్లిదండ్రులు అక్కడి పోలీసులకు లెటర్ రాశారు. శరీరం దొరకలేదు. అయినా మా అమ్మాయి చనిపోయినట్టు ప్రకటించండి అని అడిగారు. మొదట్లో కిడ్నాప్ కోణం కూడా చూడండి అని అడిగింది ఆ తండ్రే. అది అడిగే హక్కు ఆయనకుంది. అధికారులు చూపించినవన్నీ చూసి, పాప మునిగిపోయిందని ఒప్పుకుంటున్నామని కెమెరా ముందుకొచ్చి చెప్పిందీ ఆయనే. కన్నతండ్రి ఆ మాట అంటుంటే, సూర్యాపేటలో కూర్చుని "కాదు సార్, నా దగ్గర వేరే థియరీ ఉంది" అనడానికి నేనెవర్ని?

"నడుము లోతు నీళ్లలో ఎవరైనా మునుగుతారా?" అని కామెంట్లు వచ్చాయి. మనది సముద్రం లేని జిల్లా కదా, నాకూ అదే డౌట్. తర్వాత చదివి తెలుసుకున్నా. అలలు ఒడ్డుకి తెచ్చిన నీరంతా మళ్లీ లోపలికి పోవాలి. కొన్నిచోట్ల అది ఇరుకు దారి చేసుకుని ఏరులా పోతుంది. దాన్నే రిప్ కరెంట్ అంటారు. మామూలుగా సెకనుకి ఒకటి రెండు అడుగులు. ఒక్కోసారి ఎనిమిది అడుగుల దాకా పోతుంది, అంటే ఒలింపిక్ స్విమ్మర్ కంటే స్పీడ్. ఇంకో మోసం ఏంటంటే, ఆ చోట అలలు తక్కువగా, నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తాయి. ఆ రాత్రి అదే జరిగిందని నేను చెప్పట్లేదు. "నడుము లోతే కదా" అనేది మాత్రం సాక్ష్యం కాదు అంటున్నా.

ఇప్పుడు మన దగ్గరికి రండి. 2022 జులై, వైజాగ్ ఆర్కే బీచ్. సాయంత్రం ఒక మహిళ కనిపించలేదు. అల లాక్కెళ్లిందని అందరూ ఫిక్స్ అయ్యారు. నేవీ హెలికాప్టర్, కోస్ట్ గార్డ్, మత్స్యకారులు అందరూ వెతికారు. రెండు రోజులకి తెలిసింది, ఆమె క్షేమంగా ఉంది, తనంతట తనే వెళ్లిపోయింది. అక్కడ అందరూ సముద్రమే అన్నారు, సముద్రం కాదు. ఇక్కడ అందరూ సముద్రం కాదన్నారు, కన్నవాళ్లేమో సముద్రమే అని ఒప్పుకున్నారు. రెండుసార్లూ మన గొంతులో కాన్ఫిడెన్స్ మాత్రం ఒకటే.

దీని ఖరీదు ఎంతో తెలుసా? 2013 మార్చిలో అమెరికాలోని ప్రావిడెన్స్‌లో భారత మూలాలున్న ఒక స్టూడెంట్ కనిపించకుండా పోయాడు. కొడుకు కోసం ఇంటివాళ్లు ఫేస్‌బుక్ పేజీ పెట్టారు. ఏప్రిల్ 15న బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలాయి. నిందితుల ఫోటోలు బయటికి రాగానే రెడిట్, ట్విట్టర్‌లో డిటెక్టివ్‌లు "వీడే వాడు" అని ఇతని ఫోటో తిప్పారు. కొడుకుని వెతకడానికి పెట్టిన పేజీ నిండా తిట్లు. ఇంటివాళ్లు దాన్ని మూసుకోవాల్సి వచ్చింది. ఏప్రిల్ 23న అతని శరీరం అక్కడి నీళ్లలో దొరికింది. బాంబులతో అతనికి ఏ సంబంధమూ లేదు. రెడిట్ సారీ చెప్పింది. ఆ తల్లికి ఆ సారీ ఏం చేసుకోవాలో మీరే చెప్పండి.

నేను కోడింగ్ చేసే రోజుల్లో మా సీనియర్ ఒక మాట అనేవాడు: "డేటా లేకపోతే నల్ పెట్టు, నీకు నచ్చిన నంబర్ పెట్టకు." నల్ అంటే సున్నా కాదు, అబద్ధమూ కాదు. తెలియదు అని అర్థం, అంతే. ఆ రాత్రి బీచ్‌లో కొన్ని గంటలు అలాంటి నల్. మేం వ్యూస్ కోసం అందులో ఒక మనిషిని పెట్టాం, హంతకుడు అని.

మా వైపు సాగర్ ఎడమ కాలువ తెలుసు కదా. అందులో ఎవరైనా గల్లంతైతే గట్టు మీద పెద్దోళ్లు నీళ్ల వైపే చూస్తూ నిలబడతారు. ఎక్కువ మాట్లాడరు. ఇంటివాళ్లు పక్కనే ఉంటారు కాబట్టి. ఫోన్‌లో మనకి ఆ ఇంటివాళ్లు కనిపించరు, అంతే తేడా.

సరే, ఉత్తగా నీతులు చెప్పి పోను. మూడు పనులు. ఎవరైనా మిస్ అయ్యారని ఫార్వర్డ్ వస్తే, పోలీసులో ఇంటివాళ్లో పెట్టినదేనా చూసుకుని పంపండి. మనిషి దొరికాక ఫోటో తీసేయండి. నిజంగా ఏదైనా చూశారా, కామెంట్ కాదు, 112కి కాల్ చెయ్యండి. ఇక బీచ్‌కి పోతే రాత్రిపూట, తాగి నీళ్లలోకి దిగొద్దు. నీరు లోపలికి లాగితే ఒడ్డు వైపు ఎదురీదకండి, అలసిపోతారు. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదండి, ఆ పాయ దాటాక బయటికి రండి.

"చివరికి ఏం జరిగింది అన్నా?" అంటారని తెలుసు. నాకు తెలియదు ఫ్రెండ్స్. ఈ ఛానెల్‌లో ఆ మాట ఇదే ఫస్ట్ టైమ్. మళ్లీ వారం కలుద్దాం. జాగ్రత్త, ఉంటా మరి.